లివర్ టెస్టులో ఎస్‌జీఓటీ 112, జీజీటీ 238 వచ్చాయి. సోమవారం నుంచి మందు తాగడం మానేద్దామనుకుంటున్నా, ఏం చూసుకోవాలి?

ఏలూరు_కాలవ | శుక్రవారం రాత్రి 10:52

అందరికీ నమస్కారం. నాకు 44 ఏళ్లు. రోజూ సాయంత్రం ఒక క్వార్టర్, దాని మీద ఇంకో నైంటీ, తొమ్మిదేళ్లుగా ఇదే వరస. ఆదివారం అయితే లెక్క ఉండదు. ఆఫీసు వాళ్లు చేయించిన హెల్త్ చెకప్ రిపోర్టు నిన్న చేతికొచ్చింది, సగం లైన్లు బోల్డ్ అక్షరాల్లో ఉన్నాయి. ఇంట్లో చూపించే ధైర్యం లేక బండి డిక్కీలో పెట్టేశాను.

బిలిరుబిన్ 1.4, ఎస్‌జీఓటీ 112, ఎస్‌జీపీటీ 52, జీజీటీ 238, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ 104, అల్బుమిన్ 3.9. సీబీపీ రక్తపరీక్షలో ఎంసీవీ (ఎర్రకణాల సైజు) 103, ప్లేట్‌లెట్లు 1.60 లక్షలు. ట్రైగ్లిజరైడ్స్ (రక్తంలో కొవ్వు) 310. కడుపు స్కానింగ్‌లో గ్రేడ్ 2 ఫ్యాటీ లివర్ అని రాశారు.

సోమవారం నుంచి పూర్తిగా బంద్ చేయాలని గట్టిగా అనుకున్నా. ఆదివారమే ఆఖరు, ఆ తర్వాత చుక్క ముట్టను. లివర్ ఎంత పాడైంది, మళ్లీ బాగవుతుందా, ఇంకేమైనా టెస్టులు చేయించాలా? తెలిసినవాళ్లు చెప్పండి. రెండు రోజులుగా నిద్ర లేదు.

జిమ్_బాబు | శుక్రవారం రాత్రి 11:10

అన్నా టెన్షన్ పడకు. నాకు పోయినేడాది ఎస్‌జీఓటీ 140 వచ్చింది, నేను అసలు మందు ముట్టను. టెస్టుకి ముందురోజు కాళ్ల వర్కవుట్ గట్టిగా చేశాను, అదీ కారణం. డాక్టర్ కండరాల దెబ్బ తెలిపే సీకే టెస్ట్ రాస్తే అది వేలల్లో వచ్చింది, కండరాల నుంచి వచ్చిందే అని తేల్చారు. వారం రోజులు జిమ్ మానేసి మళ్లీ చేయిస్తే నార్మల్. నువ్వూ ఇంకోసారి చేయించి చూడు.

ల్యాబ్_రాత్రిడ్యూటీ | శుక్రవారం రాత్రి 11:34

జిమ్_బాబు చెప్పింది ఆయన వరకు నిజమే, ఏలూరు గారి రిపోర్టుకి మాత్రం సరిపోదు. పదహారేళ్లుగా ల్యాబ్‌లో ఇవే చూస్తున్నాను కాబట్టి చెప్తున్నా.

ఎస్‌జీఓటీ అనే ఎంజైము లివర్‌లోనే కాదు, కండరాల్లో, గుండెలో కూడా ఉంటుంది. ఎస్‌జీపీటీ ఎక్కువగా లివర్‌దే. బరువు వల్ల, షుగర్ వల్ల వచ్చే ఫ్యాటీ లివర్‌లో సాధారణంగా ఎస్‌జీపీటీయే పైన ఉంటుంది. తాగేవాళ్లలో ఇది తిరగబడి ఎస్‌జీఓటీ రెట్టింపు, అంతకంటే ఎక్కువ ఉంటుంది. ఈయనది 112కి 52. దానికి తోడు జీజీటీ 238, ఎంసీవీ 103. జిమ్ చేస్తే జీజీటీ పెరగదు, ఎర్రకణాలు లావెక్కవు. ఈ మూడూ ఒకే కాగితం మీద కనబడితే మాకు వేరే చెప్పక్కర్లేదు.

ఇంకో సంగతి. రక్తం ట్యూబుని సెంట్రిఫ్యూజ్‌లో తిప్పాక పైన సీరం తేలుతుంది, మామూలుగా ఎండుగడ్డి నానబెట్టిన నీళ్ల రంగులో ఉంటుంది. ఆదివారం బాగా తాగి సోమవారం పొద్దున్నే వచ్చేవాళ్లది కొన్నిసార్లు పల్చటి మజ్జిగలా తెల్లగా ఉంటుంది. అది ట్రైగ్లిజరైడ్స్. కామెర్లు ముదిరినవాళ్లదైతే పసుపు కలిపినట్టుంటుంది. ఆ ట్యూబు స్టాండులో పెట్టేటప్పుడు ఆ మనిషి బయట కుర్చీలో కూర్చుని ఫోన్ చూసుకుంటూ ఉంటాడు, తనలో ఏం జరుగుతోందో తనకే తెలియదు. ఏలూరు గారూ, మీకు తెలిసింది, ఆ కాగితాన్ని డిక్కీలో పెట్టకండి.

వైట్‌ఫీల్డ్_వాసి | శుక్రవారం రాత్రి 11:58

ఫిబ్-4 అని ఒక స్కోరు ఉంది, వయసుని ఎస్‌జీఓటీతో గుణించి, ప్లేట్‌లెట్లని (వేలల్లో) ఎస్‌జీపీటీ వర్గమూలంతో గుణించి, మొదటిదాన్ని రెండోదానితో భాగించాలి. మీ అంకెలు వేస్తే 4.27 వచ్చింది. 1.3 లోపు ఉంటే భయం లేదు, 2.67 దాటితే లివర్ గట్టిపడే ప్రమాదం ఎక్కువ అంటారు. అన్నా, అర్జెంటుగా లివర్ ఎంత గట్టిపడిందో కొలిచే ఫైబ్రోస్కాన్ చేయించుకోండి.

ఏలూరు_కాలవ | శనివారం వేకువన 12:20

ఇది చదివాక కాళ్లూ చేతులూ ఆడటం లేదండి. 4.27 అంటే లివర్ గట్టిపడిపోయి సిరోసిస్ వచ్చేసినట్టేనా?

వార్డు_డాక్టరు | శనివారం వేకువన 12:41

కాదు. ముందు ఊపిరి తీసుకోండి. నేను జనరల్ మెడిసిన్‌లో పనిచేస్తాను.

ఫిబ్-4 లెక్క తప్పు కాదు, వేసిన సమయం తప్పు. రోజూ తాగుతున్న మనిషిలో ఎస్‌జీఓటీ మందు వల్లే పెరిగి ఉంటుంది, ప్లేట్‌లెట్లు మందు వల్లే తగ్గి ఉండొచ్చు. రెండూ కలిసి స్కోరుని పైకి లాగుతాయి. ఫైబ్రోస్కాన్ కూడా అంతే, లివర్ వాపు మీద ఉన్నప్పుడు చేస్తే ఉన్నదానికంటే గట్టిగా చూపిస్తుంది. ఇవన్నీ నెల, నెలన్నర మానేశాక చూడాల్సినవి. అల్బుమిన్ 3.9 ఉంది, అది మంచి మాట. ఎస్‌జీఓటీ, ఎస్‌జీపీటీ లివర్‌కి దెబ్బ తగులుతోందని చెప్తాయి. అది ఎంత పని చేస్తోందో చెప్పేవి అల్బుమిన్, బిలిరుబిన్, రక్తం ఎంత త్వరగా గడ్డకడుతుందో చూపే ఐఎన్ఆర్. మీ రిపోర్టులో ఐఎన్ఆర్ లేదు, చేయించండి. హెపటైటిస్ బి, సి కూడా ఒకసారి చూపించుకోండి, అవి ఉండి పైన మందు కూడా ఉంటే లివర్ త్వరగా దెబ్బతింటుంది.

రిపోర్టుల సంగతి అంతవరకే. ఇప్పుడు నన్ను భయపెట్టేది మీ లివర్ కాదు, మీ సోమవారం. రెండు ప్రశ్నలకి నిజం చెప్పండి. పొద్దున లేవగానే చేతులు వణుకుతాయా? ఎప్పుడైనా మానేసినప్పుడు ఫిట్స్ వచ్చాయా?

ఏలూరు_కాలవ | శనివారం వేకువన 1:05

ఫిట్స్ ఎప్పుడూ రాలేదు సార్. వణుకు మాత్రం ఉంది. మా ఆవిడ టీ ఇస్తే కప్పు సాసర్‌లో గలగలలాడుతుంది, అందుకని ఆరు నెలల నుంచి గాజు గ్లాసులో సగానికే పోయమంటున్నా, రెండు చేతులతో పట్టుకుంటా. చలి అని చెప్తుంటాను. మేలో కూడా అదే చెప్పాను. పది దాటాక తగ్గుతుంది. పోయిన సంక్రాంతికి అత్తారింట్లో రెండు రోజులు ఆపాల్సి వచ్చింది, ఒళ్లంతా చెమటలు, రాత్రంతా కునుకు లేదు, గోడ మీద ఏవో పాకుతున్నట్టు అనిపించింది. జ్వరం అనుకున్నారు అందరూ.

వార్డు_డాక్టరు | శనివారం వేకువన 1:22

అది జ్వరం కాదండి, విత్‌డ్రాయల్, అంటే అలవాటైన మందు ఆగితే ఒళ్లు తిరగబడడం. గోడ మీద పాకుతున్నట్టు కనిపించిందంటే తేలిగ్గా తీసుకోవాల్సింది కాదు.

రోజూ ఎక్కువగా తాగేవాళ్లు ఒక్కసారిగా ఆపితే ఆరేడు గంటల్లో వణుకు, చెమటలు, గుండెదడ మొదలవుతాయి. ఫిట్స్ వస్తే ఎక్కువగా మొదటి రెండు రోజుల్లోనే వస్తాయి. రెండో రోజు నుంచి నాలుగో రోజు మధ్య కొందరు మనిషిని గుర్తుపట్టలేని స్థితికి వెళ్తారు, లేనివి కనిపిస్తాయి, బీపీ, జ్వరం పెరుగుతాయి. దాన్ని డెలీరియం ట్రెమెన్స్ అంటాం, వైద్యం అందకపోతే ప్రాణం పోవచ్చు. క్వార్టర్ అంటే 180 ఎంఎల్, అందులో అసలు ఆల్కహాల్ దాదాపు 60 గ్రాములు. మీ రోజువారీ లెక్క 90 గ్రాములు, అదీ తొమ్మిదేళ్లుగా. ఆదివారం కడుపు నిండా తాగి సోమవారం సున్నాకి రావడం అంటే మెట్ల మీద నుంచి దిగడం కాదు, మేడ మీద నుంచి దూకడం.

మానేయాలి, అందులో సందేహమే లేదు, కానీ దగ్గరుండి మాన్పించే చోట మానేయాలి. తెల్లవారితే శనివారం. జిల్లా ఆసుపత్రిలోనో మెడికల్ కాలేజీ ఆసుపత్రిలోనో సైకియాట్రీ ఓపీకి వెళ్లండి. పిచ్చి డాక్టర్ దగ్గరికా అనుకోవద్దు, మందు మాన్పించే పని వాళ్లదే. వారం రోజులు తగ్గిస్తూ వచ్చే టాబ్లెట్లు, బి1 విటమిన్ ఇంజెక్షన్లు ఇస్తారు, అవసరమైతే అడ్మిట్ చేసుకుంటారు. ఆ టాబ్లెట్లు మెడికల్ షాపులో అడిగి తెచ్చుకుని సొంతంగా వేసుకోవద్దు. వాటి మీద మందు తాగితే ఊపిరి ఆగిపోవచ్చు. లివర్ బాగోలేనివాళ్లకి ఏ టాబ్లెట్ ఇవ్వాలన్నది కూడా మారుతుంది, అందుకే ఈ ఎల్ఎఫ్‌టీ (లివర్ టెస్టు) కాగితం తీసుకెళ్లండి. దానికి అసలు ఉపయోగం అక్కడే.

ఊళ్లో నీరసంగా ఉందని గ్లూకోజ్ సెలైన్ పెట్టించుకునే అలవాటు ఉంటుంది. తాగేవాళ్ల ఒంట్లో బి1 అడుగంటి ఉంటుంది, అది ఇవ్వకుండా గ్లూకోజ్ ఒక్కటే ఎక్కిస్తే మెదడుకి దెబ్బ తగలొచ్చు. ముందు బి1, తర్వాతే సెలైన్. ఇది గుర్తుపెట్టుకోండి.

పాలమూరు_అన్న | శనివారం ఉదయం 6:30

డాక్టర్ సాబ్ చెప్పింది అక్షరాలా నిజం. మా దగ్గర 2015లో కల్తీ కల్లు మీద దాడులు చేసి ఒక్కసారిగా ఆపేసినప్పుడు జనం ఎట్లా అయిపోయిన్రో కళ్లారా చూసినోణ్ని. ఆ కల్లులో ఆల్ప్రజోలం, డైజిపామ్ కలిపేటోళ్లు. ఆపిన రెండు మూడు రోజులకే చేతులు వంకర్లు పోవుడు, ఫిట్స్, ఒకరిని చూసి ఇంకొకరి పేరు పిలుచుడు. దవాఖానాలు నిండిపోయినయి. మా పెద్దనాన్నను మంచానికి కట్టేసి తీసుకుపోయినం, దయ్యం పట్టిందని మొదట నిమ్మకాయలు తిప్పిన్రు.

అన్నా, నువ్వు కల్లు కూడా తాగుతుంటే ఆ ముక్క డాక్టర్‌కు తప్పకుండా చెప్పు, వైద్యం వేరే ఉంటది. సిగ్గుపడి దాచకు.

ఒక_ఇల్లాలు | శనివారం ఉదయం 8:05

నేను భార్య వైపు నుంచి రాస్తున్నాను. దయచేసి రిపోర్టు మీ ఆవిడకి చూపించండి. మాకు అన్నీ తెలుసు తమ్ముడూ. గ్లాసులో సగమే పోయమన్నప్పుడే ఆమెకి అర్థమై ఉంటుంది.

నేను చేసిన తప్పు ఇంకెవరూ చేయకూడదని చెప్తున్నా. నాలుగేళ్ల క్రితం మా ఆయన ఎంత చెప్పినా వినకపోతే, తెలిసినవాళ్లు చెప్పారని తాగుడు మాన్పించే టాబ్లెట్ తెచ్చి ఆయనకి తెలియకుండా పప్పులో కలిపేదాన్ని. రుచి ఉండదు, తెలియదు అన్నారు. నాలుగో రోజు ఆయన బయట తాగొచ్చారు. పది నిమిషాల్లో మొహం కందగడ్డలా ఎర్రబడింది, వాంతులు, ఊపిరాడలేదు, బీపీ పడిపోయింది. ఐసీయూలో రెండు రాత్రులు. డాక్టర్ బయటికొచ్చి ఏం తిన్నాడమ్మా అని అడిగితే నా నోరు పెగల్లేదు. చివరికి చెప్పాను. అప్పటికే ఎల్ఎఫ్‌టీ బాగోలేదని, ఆ టాబ్లెట్ లివర్‌ని కూడా దెబ్బతీస్తుందని, మనిషికి తెలిసి, ఒప్పుకుని, రక్తపరీక్ష చేశాకే ఇవ్వాలని చెప్పారు. ఆ రెండు రాత్రులు నేను దేవుడికి మొక్కుకున్నవి ఇప్పటికీ తీరుస్తూనే ఉన్నాను.

వార్డు_డాక్టరు | శనివారం ఉదయం 8:40

అమ్మా, మీరు ఇది బయటికి రాసినందుకు నమస్కారం. ఆ టాబ్లెట్ పేరు డైసల్ఫిరామ్, ఇలా కలిపి పెట్టే ఇళ్లు చాలా ఉన్నాయి. మళ్లీ తాగాలనే యావ తగ్గించే మందులు వేరే ఉన్నాయి, లివర్ దెబ్బతిన్నవాళ్లకి కూడా ఇవ్వగలిగినవి ఉన్నాయి, వాటిని డాక్టర్ చూసి రాస్తారు.

బ్యాండ్లు_పడ్డవాడు | శనివారం మధ్యాహ్నం 2:15

నాకు 50. మందు మానేసి మూడేళ్ల రెండు నెలలు. సిరోసిస్ ఉంది. రిపోర్టు నార్మల్ వస్తే చాలనుకునేవాళ్ల కోసం రాస్తున్నా.

నేను ఏడాదికి రెండుసార్లు ఎల్ఎఫ్‌టీ చేయించేవాణ్ని. ఎస్‌జీఓటీ 45, ఒకసారి 38, ఇలా వచ్చేది. ఆ కాగితం జేబులో పెట్టుకుని నేరుగా షాపుకి వెళ్లేవాణ్ని, మనకేం కాలేదు అని. దాన్ని లైసెన్సులా వాడుకున్నాను. లివర్ బాగా గట్టిపడిపోయాక కూడా ఆ ఎంజైములు నార్మల్‌గానే కనిపించొచ్చని నాకెవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. మూడేళ్లుగా ప్లేట్‌లెట్లు 95 వేలు, లక్ష, 90 వేలు అని వస్తుండేవి. డెంగీ ఏమో అని ఇంట్లో బొప్పాయి ఆకు రసం పిండి తాగించారు. అది డెంగీ కాదు, లివర్ గట్టిపడి ప్లీహం ఉబ్బి ప్లేట్‌లెట్లని పట్టేస్తోంది. ఒకరోజు రాత్రి బాత్రూంలో రక్తం వాంతి అయింది, తెల్ల టైల్స్ మీద మొత్తం. ఎండోస్కోపీ చేసి అన్నవాహికలో ఉబ్బిన రక్తనాళాలకి బ్యాండ్లు వేశారు.

ఎవరికైనా మలం తారులా నల్లగా వచ్చినా, కడుపులో నీరు చేరినా, కళ్లు పచ్చబడినా, మాట తడబడి పగలు మగత, రాత్రి మెలకువ ఉన్నా రిపోర్టుల కోసం ఆగకండి, అప్పుడే ఆసుపత్రికి వెళ్లండి.

ఏలూరు తమ్ముడూ, నీ ప్లేట్‌లెట్లు 1.60 లక్షలు, అల్బుమిన్ 3.9. నేను ఆ అంకెల దగ్గర ఆగి ఉంటే బాగుండేది. నువ్వు ఆగు.

నెల్లూరు_చేప | శనివారం సాయంత్రం 5:50

మా ఊళ్లో కామెర్లకి పసరు పోస్తారు, నేల ఉసిరి నూరి ఇస్తారు. తిప్పతీగ కూడా లివర్‌కి మంచిదని విన్నా. మానేయడంతో పాటు అవీ వాడొచ్చా? లివర్ టానిక్ ఏదైనా?

ల్యాబ్_రాత్రిడ్యూటీ | శనివారం సాయంత్రం 7:12

వద్దండి. తిప్పతీగ వాడి లివర్ దెబ్బతిన్న కేసులు కరోనా తర్వాత మన దేశంలోనే డాక్టర్లు వరసగా రాశారు. పసరులో ఏ ఆకు కలిపారో పోసినవాడికే తెలియాలి. టానిక్ తాగుతూ పక్కన మందు తాగేవాళ్లని రోజూ చూస్తుంటా, అంకెల్లో తేడా కనబడదు. తలనొప్పికి పారాసిటమాల్ వేసుకునేవాళ్లు కూడా జాగ్రత్త, రోజూ తాగే అలవాటున్నవాళ్లకి రోజుకి రెండు గ్రాములు దాటకూడదని డాక్టర్లు చెప్తారు, అంటే 500 మాత్రలు నాలుగు.

తిండి మాత్రం బాగా తినాలి. లివర్ రోగమని గుడ్డు, పప్పు మాన్పించి జావ మీద ఉంచుతారు చాలా ఇళ్లలో. అసలే తాగి తాగి ఒంట్లో కండ ఉండదు. గుడ్లు, పప్పు, పెరుగు, చేప పెట్టాలి.

ఏలూరు_కాలవ | ఆదివారం రాత్రి 9:30

నిన్న పొద్దున రిపోర్టు తీసి మా ఆవిడ చేతిలో పెట్టాను. చదివి ఏమీ అనలేదు. లోపలికెళ్లి చీర మార్చుకుని వచ్చి, పదండి అంది. ప్రభుత్వ ఆసుపత్రికే వెళ్లాం. గోడ మీద పాకిన సంగతి చెప్పగానే అడ్మిట్ అవమన్నారు. ఇప్పుడు వార్డు నుంచే టైప్ చేస్తున్నా. ఐఎన్ఆర్ 1.1, హెపటైటిస్ రెండూ నెగెటివ్. పక్క బెడ్ ఆయన రాత్రి గేదెలు వచ్చాయని లేచి తోలాడు. నేను ఇంట్లో ఒక్కణ్నీ సోమవారం మొదలుపెట్టి ఉంటే ఏమయ్యేదో తలుచుకుంటే భయమేస్తోంది.

పాలమూరు_అన్న | ఆదివారం రాత్రి 9:48

శభాష్ అన్నా. వదిన కళ్ల నిండా ఈ రోజు నిద్రపోతది.

ఏలూరు_కాలవ | ఆరున్నర వారాల తర్వాత, గురువారం రాత్రి 9:05

ఎంతమంది గుర్తుపెట్టుకున్నారో తెలియదు, అయినా చెప్పాలి. ఆరు రోజులు వార్డులో ఉన్నా. మొదటి మూడు రోజులు సరిగా గుర్తు కూడా లేవు. ఇంటికొచ్చాక మూడో వారం చాలా కష్టమైంది, సాయంత్రం ఏడయ్యేసరికి కాళ్లు వాటంతటవే ఆ సందు వైపు వెళ్లేవి. ఒకరోజు షాపు ముందు బండి ఆపి తాగుడు మాన్పించే హెల్ప్‌లైన్ 14446కి ఫోన్ చేశా, అవతల ఎవరో ఇరవై నిమిషాలు మాట్లాడారు. బండి తిప్పుకుని వచ్చేశా.

నిన్నటి రిపోర్టు: బిలిరుబిన్ 0.8, ఎస్‌జీఓటీ 36, ఎస్‌జీపీటీ 34, జీజీటీ 71, ఎంసీవీ 100, ప్లేట్‌లెట్లు 2.14 లక్షలు. ఫైబ్రోస్కాన్ 6.4. వైట్‌ఫీల్డ్ తమ్ముడూ, ఆ ఫిబ్-4 మళ్లీ ఒకసారి వేసి పెట్టవా?

వైట్‌ఫీల్డ్_వాసి | గురువారం రాత్రి 9:11

1.27 అన్నా! అప్పుడు అర్ధరాత్రి మిమ్మల్ని అంత భయపెట్టినందుకు క్షమించండి.

వార్డు_డాక్టరు | గురువారం రాత్రి 10:20

చాలా సంతోషం. జీజీటీ నెమ్మదిగా దిగుతుంది, రెండు మూడు వారాలకి సగం అవుతూ వస్తుంది, ఇంకో నెలకి చూడండి. ఎంసీవీ ఇంకా ఆలస్యం, ఎర్రకణాలు 120 రోజులు బతుకుతాయి కాబట్టి పాతవి పోయి కొత్తవి రావాలి. ఈ అంకెలు చూసి ఇక ఆదివారం ఒక్కటి తాగొచ్చేమో అన్న ఆలోచన వస్తుంది, అందరికీ వస్తుంది. వచ్చిన రోజు ఇక్కడ రాయండి. సైకియాట్రీ ఫాలోఅప్ ఆపకండి.

కర్నూలు_తమ్ముడు | శుక్రవారం ఉదయం 7:15

ఈ చర్చ మొత్తం చదివాను. మా నాన్నకి 58, ఎస్‌జీఓటీ 96, జీజీటీ 310, కళ్లు కొంచెం పచ్చగా ఉన్నట్టున్నాయి. రోజూ మూడు క్వార్టర్లు. డబ్బులివ్వడం ఆపేసి, ఈ ఆదివారం నుంచి గదిలో పెట్టి తాళం వేద్దామని అన్నయ్యా నేనూ అనుకున్నాం. మీ అంకెలు చూసి ధైర్యం వచ్చింది. ఏ టెస్టులు చేయించాలి?

ఏలూరు_కాలవ | శుక్రవారం ఉదయం 7:22

తమ్ముడూ, తాళం వేయకండి. టెస్టులు అక్కడే చేస్తారు, కళ్లు పచ్చబడ్డాయంటున్నావు కాబట్టి ఈ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లు, రోజూ ఎంత తాగుతారో దాచకుండా చెప్పు. నాన్నగారు ఇప్పుడు లేచారా? లేస్తే టీ ఇచ్చి చేతులు ఎలా ఉన్నాయో చూసి ఇక్కడ రాయి. నేను ఆన్‌లైన్‌లోనే ఉన్నా.